గరాండ్‌తో 600 గజాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే రైఫిల్ గురించి ఉన్నాయి, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక రైఫిల్ ఎం1 గరాండ్. అమెరికాలో మనవాళ్లు ఇంతమంది ఈ పాత రైఫిల్ పట్టుకుని దూరపు గురికి వెళ్తున్నారని చూసి చాలా సంతోషం వేసింది. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే మిగతావాళ్ల సమస్యల్లో సగం అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: పౌరసత్వం వచ్చాక సీఎంపీ (సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్, పాత సైనిక రైఫిళ్లు అమ్మే సంస్థ) దగ్గర గరాండ్ కొనుక్కున్నాను. రెండేళ్లుగా 200 గజాల మ్యాచ్‌లకి వెళ్తున్నాను, పడుకుని కొట్టినవి దాదాపు అన్నీ టార్గెట్ మధ్యలోని నల్ల వలయంలోనే పడతాయి. ఈ మధ్య మొదటిసారి 600 గజాలకి వెళ్లాను. ఇరవై కొడితే నల్లలో పడినవి ఏడు, మూడైతే అసలు టార్గెట్‌కే తగల్లేదు. ఎనభై ఏళ్ల నాటి తుపాకీతో ఇంతేనని, స్కోప్ ఉన్న ఏఆర్ (కొత్త తరహా ఏఆర్-15 రైఫిల్) కొనుక్కోమని క్లబ్‌లో అందరూ అంటున్నారు. నిజమేనా?
— ఒహాయో నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొనాలని ఉంటే కొనుక్కోండి, కానీ ఈ కారణంతో మాత్రం వద్దు. ఒకసారి లెక్క చూద్దాం. 200 గజాల టార్గెట్‌లో నల్ల వలయం 13 అంగుళాలు, 600 గజాల టార్గెట్‌లో 36 అంగుళాలు. దూరం మూడు రెట్లయితే నల్ల కూడా దాదాపు మూడు రెట్లయింది, అంటే మీ కంటికి రెండు చోట్లా అది ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తుంది, రెండు చోట్లా ఆరు మినిట్ల దరిదాపుల్లోనే (మినిట్ అంటే కోణం కొలత, 100 గజాల దగ్గర ఇంచుమించు ఒక అంగుళం). సరిగ్గా ఉన్న మామూలు గరాండ్ మూడు, నాలుగు మినిట్ల లోపల కొడుతుంది. 600 దగ్గర అది 18 నుంచి 24 అంగుళాల గుంపు, అంటే తూటాలు పడే మేర. 36 అంగుళాల నల్లలో హాయిగా పడుతుంది. 200 దగ్గర నల్ల దాటని రైఫిల్ 600 దగ్గర టార్గెట్టే తప్పిందంటే, మధ్యలో మారింది రైఫిల్ కాదు.

మారింది గాలి. పక్క నుంచి గంటకి పది మైళ్ల గాలి వీస్తుంటే 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్ 200 గజాల దగ్గర మూడు అంగుళాల చిల్లర పక్కకి జరుగుతుంది. నల్లలోనే ఉంటుంది కాబట్టి మీరు పట్టించుకోరు. అదే గాలికి 600 గజాల దగ్గర ముప్పై అంగుళాల దాకా జరుగుతుంది. దూరం మూడు రెట్లు, జరగడం పది రెట్లు! మీరు పాత మిలిటరీ 150 గ్రెయిన్ల బాల్ (మామూలు సైనిక) తూటాలు వాడి ఉంటే మూడు అడుగులు దాటుతుంది. నల్ల మధ్య నుంచి అంచుకి 18 అంగుళాలే కదా, టార్గెట్ బోర్డు మధ్య నుంచి చివరికి మూడు అడుగులు. మీ మూడు తూటాలు ఎక్కడికి పోయాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. రెండేళ్లు 200 దగ్గర ఆడినవాళ్లకి గాలి చదవాల్సిన అవసరమే రాలేదు, అందులో మీ తప్పేమీ లేదు.

గాలి చదవడం ఎలా అంటే, జెండాలు మొదటి పాఠం. టార్గెట్ వైపు పన్నెండు గంటలు అనుకోండి. మూడు గంటల వైపు నుంచి, తొమ్మిది గంటల వైపు నుంచి వచ్చే గాలికి పూర్తి విలువ. ఒంటి గంట వైపు నుంచి వచ్చేదానికి సగం. రెండు గంటల వైపు నుంచి వచ్చేది చూడ్డానికి ఏటవాలుగా ఉన్నా దాదాపు పూర్తి విలువే, ఇక్కడే చాలామంది తక్కువ లెక్కేస్తారు. రెండో పాఠం ఎండమావి. స్పాటింగ్ స్కోప్‌ని టార్గెట్ మీద ఫోకస్ చేసి, తర్వాత కొంచెం ఇవతలికి తిప్పండి, టార్గెట్ కాస్త మసకబారి దాని ముందు వేడి అలలు పారుతూ కనిపిస్తాయి. అలలు పారే దిశే గాలి దిశ. వాలు ఎక్కువయ్యే కొద్దీ గాలి ఎక్కువ, బాగా పడుకుని పరుగెడుతుంటే పది మైళ్లు దాటిందని అనుకోవచ్చు. అలలు అన్నం ఉడికినట్టు నిట్టనిలువుగా పైకి లేస్తుంటే మాత్రం ట్రిగ్గర్ మీంచి వేలు తీసేయండి, అది గాలి దిశ మారబోతోందనడానికి గుర్తు కావచ్చు. 600 దగ్గర స్కోరు షాట్లు ఇరవైకి ఇరవై నిమిషాలు ఇస్తారు. ఆగడానికి సమయం ఉంది, ఆగండి.

ఎత్తు సంగతి. గరాండ్ వెనక సైటులో ఒక్కో క్లిక్ ఇంచుమించు ఒక మినిట్, అంటే 600 దగ్గర ఆరు అంగుళాలు. 200 నుంచి 600కి వెళ్లేటప్పుడు పన్నెండు క్లిక్‌ల దగ్గర మొదలుపెట్టండి, మీ తూటాని బట్టి ఒకటీ రెండూ అటూ ఇటూ ఉంటుంది. దానికంటే ముందు ఒక పరీక్ష చేయండి. ఖాళీ రైఫిల్‌లో సైటుని పది క్లిక్‌లు పైకి లేపి, చిల్లు ఉన్న ఆ భాగాన్ని బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. నాబ్ తిరిగి సైటు దిగిపోయిందా? అయితే కొట్టిన ప్రతిసారీ అదుపు లేకుండా అది దిగుతూనే ఉంది, నాబ్ స్క్రూ బిగించాలి. 200 దగ్గర ఇది అంతగా బయటపడకపోవచ్చు. ఈ ఒక్క స్క్రూ గురించి తెలియక రైఫిల్ అమ్మేసుకున్నవాళ్లని నేను చూశాను.

ఇక ముందు సైటు పోస్ట్, అంటే గురి పెట్టే ఆ నిలువు పుల్ల. మామూలు పోస్ట్ 600 దగ్గర నల్ల కంటే వెడల్పుగా కనిపిస్తుంది, అందుకే నల్ల మధ్యలో పోస్ట్ పెట్టాలని చూస్తే నల్లే మాయమైపోతుంది. నల్ల అడుగు అంచు పోస్ట్ మీద కూర్చున్నట్టు పట్టండి, లేదా అడుగున సన్నటి తెల్ల గీత వదిలి పట్టండి. ఏదైనా ఒకటే, రోజుకొకటి మాత్రం కాదు. కన్ను పోస్ట్ మీద, నల్ల మసకగా. 600 దగ్గర కన్ను టార్గెట్ వైపు పరుగెత్తుతుంది, దాన్ని వెనక్కి లాక్కోవడమే సగం పని.

చివరగా, ఒక నోటు పుస్తకం కొనండి. ట్రిగ్గర్ నొక్కగానే, కిందికి దించి గుర్తు పెట్టిన టార్గెట్ మళ్లీ పైకి రాకముందే, తూటా ఎక్కడికి వెళ్లిందని మీకు అనిపించిందో గుర్తు వేయండి, తర్వాత నిజంగా ఎక్కడ పడిందో వేయండి. పక్కనే గాలి, వెలుతురు, క్లిక్‌లు రాయండి. మీరు అనుకున్నదీ పడినదీ ఒకే చోట ఉండి, రెండూ మధ్యకి దూరంగా ఉంటే పట్టు తప్పు. మధ్యలో అనుకున్నది ఒకే పక్కకి వరుసగా పోతుంటే గాలి. మధ్యలో అనుకున్నవి ఏ దిక్కూ లేకుండా చెల్లాచెదురైతే అప్పుడు రైఫిల్ మీద అనుమానపడండి. నలభై షాట్లు ఇలా రాసి పంపండి, రైఫిల్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం. ఏఆర్‌తో పోల్చుకోవడం కూడా మానేయండి, సర్వీస్ రైఫిల్ (సైనిక తరహా రైఫిళ్ల) పోటీల్లో 2016 నుంచి 4.5 రెట్ల స్కోప్ దాకా అనుమతి ఉంది, ఆ స్కోరు వేరు, ఇనప సైట్లతో వచ్చిన మీ స్కోరు వేరు.

ప్రశ్న: వేటకి అమ్మే .30-06 (గరాండ్ సైజు) తూటాలు, 180 గ్రెయిన్లవి, చవగ్గా దొరికాయి. బుల్లెట్ బరువైతే గాలికి తక్కువ జరుగుతుంది కదా, గరాండ్‌లో వాడొచ్చా?
— పెన్సిల్వేనియా నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. మొదటి గరాండ్ కొన్న కొత్తలో ఒక దుకాణంలో ఇలాంటి పెట్టెలే ఇచ్చి, ".30-06 అంటే .30-06యే, ఏదైనా ఒకటే" అన్నారు. ఒక పెట్టె అయిపోయి రెండో పెట్టెలో సగానికి వచ్చేసరికి బోల్ట్ పూర్తిగా మూసుకోవడం మానేసింది. తీసి చూపిస్తే ఆపరేటింగ్ రాడ్, అంటే బోల్ట్‌ని నడిపే పొడవాటి కడ్డీ, వంగిపోయింది.

కారణం ఇదీ. గరాండ్‌లో ఆ రాడ్‌ని తోసే గ్యాస్ తీసుకునే రంధ్రం బ్యారెల్ చివర, మూతి దగ్గర ఉంటుంది. 1930ల, 40ల నాటి మిలిటరీ తూటాల్లో మందు త్వరగా కాలిపోయేది, బుల్లెట్ ఆ రంధ్రం దాటేసరికి ఒత్తిడి బాగా తగ్గిపోయేది. బరువైన బుల్లెట్ ఉన్న ఇప్పటి వేట తూటాల్లో నెమ్మదిగా కాలే మందు వేస్తారు, రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి ఇంకా ఎక్కువగానే ఉంటుంది. ఆ దెబ్బంతా ఆ పొడవాటి రాడ్ మీద పడుతుంది. ఛాంబర్‌లో ఒత్తిడి రెండిట్లోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి తూటా పేరు చూసి మోసపోతాం.

పెట్టె మీద గరాండ్ కోసమని స్పష్టంగా రాసి ఉన్న తూటాలు కొనండి. సొంతంగా రీలోడ్ చేసేవాళ్లు (ఖాళీ గుల్లల్లో మళ్లీ తూటా తయారుచేసుకునేవాళ్లు) 4895, 4064 లాంటి మందులతో, గరాండ్‌కి విడిగా ఇచ్చిన పట్టికలు చూసి, 150 నుంచి 175 గ్రెయిన్ల బుల్లెట్లతో సరిపెట్టుకుంటారు. గ్యాస్ బయటికి వదిలే అడ్జస్టబుల్ ప్లగ్ దొరుకుతుంది, అది పెట్టుకుంటే భద్రత పెరుగుతుంది, నాకు మాత్రం అది ఉన్నా 180 వాడాలనిపించదు. ఇంకొకటి, 1950ల తొలినాళ్ల దాకా తయారైన అమెరికన్ మిలిటరీ తూటాల్లో చాలావాటికి ప్రైమర్‌లో (పిన్ తగలగానే నిప్పు పుట్టించే అడుగు బిళ్లలో) తుప్పు పట్టించే ఉప్పు ఉంటుంది. పాత తూటాల పెట్టె దొరికిందని మురిసిపోయే ముందు ఏ ఏడాదివో చూడండి. తెలియకపోతే కొట్టిన రోజే నీళ్లతో బ్యారెల్, గ్యాస్ సిలిండర్ కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి. మామూలు సాల్వెంట్‌కి ఆ ఉప్పు పోదు.

ప్రశ్న: స్లో ఫైర్‌లో ఒక్కొక్క తూటా ఛాంబర్‌లో వేలితో పెట్టి బోల్ట్ వదిలేస్తున్నాను. పోయిన వారం బోల్ట్ మూసుకోగానే దానంతటదే పేలింది, నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. మూతి టార్గెట్ల వైపే ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. భయమేస్తోంది.
— వర్జీనియా నుంచి ఒక పాఠకుడు

జవాబు: భయపడటమే సరైన పని. ఆ రైఫిల్‌ని ముందు ఆర్మరర్‌కి (తుపాకీలు బాగుచేసేవారికి) చూపించండి, అప్పటిదాకా ఒక్క తూటా కూడా పెట్టకండి. గరాండ్‌లో ఫైరింగ్ పిన్‌ని వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగ్ లేదు. బోల్ట్ ముందుకి దూసుకొచ్చి ఆగినప్పుడు పిన్ తన ఊపుకి ముందుకి జరిగి ప్రైమర్‌ని తాకుతుంది. ఎక్కించి తీసిన తూటా ప్రైమర్ మీద చిన్న చుక్క ఎప్పుడైనా గమనించారా? అదే. తూటాలు పట్టి ఉంచే క్లిప్ నుంచి తూటాని లాక్కుంటూ వచ్చేటప్పుడు బోల్ట్ వేగం కొంత తగ్గుతుంది. తూటా ముందే ఛాంబర్‌లో ఉంటే ఆ అడ్డు లేదు, పూర్తి వేగంతో వచ్చి గుద్దుతుంది. ప్రైమర్ మెత్తటిదైనా, గుంటలో పూర్తిగా దిగకుండా కొంచెం పైకి ఉన్నా, పేలిపోవచ్చు. బోల్ట్ పూర్తిగా లాక్ అవకముందే పేలితే రైఫిల్ ముక్కలవుతుంది, మొహం దగ్గర.

హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌కీ మధ్య కొలత), ఫైరింగ్ పిన్, పిన్‌ని వెనక్కి లాగే రిసీవర్ బ్రిడ్జి అరిగిందా అన్నది చూడమని అడగండి. ఇకమీదట ఒక్కొక్కటీ వేయడానికి సింగిల్ లోడింగ్ కోసం చేసిన క్లిప్ వాడండి, తూటా అందులోంచే వెళ్లాలి. రీలోడ్ చేస్తుంటే మిలిటరీ తరహా గట్టి ప్రైమర్లు వేసి, ప్రతిదాన్నీ వేలితో తడిమి లోపలికి దిగిందో లేదో చూసుకోండి. మూతి ఎటు ఉందన్నది మీరు ఆ రోజు తప్పలేదు. అందుకే ఈ ఉత్తరం రాయగలిగారు.

ప్రశ్న: నాకు నలభై ఆరేళ్లు, దూరానికి కళ్లజోడు ఉంది. పడుకుని కొడుతుంటే ముందు సైటు అలికినట్టు కనిపిస్తోంది. మోచెయ్యి విపరీతంగా నొప్పి. తొమ్మిదిన్నర పౌండ్ల రైఫిల్ నాలాంటి చిన్న మనిషికి బరువేమో అనిపిస్తోంది.
— టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బరువు గురించి దిగులు వద్దమ్మా, పడుకున్నప్పుడు ఆ బరువు మీ చెయ్యి మొయ్యకూడదు, స్లింగ్ (రైఫిల్ పట్టీ) మొయ్యాలి. మీరు చేత్తో మోస్తున్నారు, నొప్పి అందుకే. తోలు స్లింగ్ లూప్‌ని భుజానికి దగ్గరగా, పై చేతికి ఎక్కించి బిగించండి, మోచేతికి దగ్గరగా ఉంటే నాడి కొట్టుకోవడం సైటులో కనిపిస్తుంది. బిగువు ఎంతంటే, కుడి చెయ్యి వదిలేసినా రైఫిల్ భుజంలోనే కూర్చుని ఉండాలి. ఎడమ మోచెయ్యి వీలైనంత రైఫిల్ కిందికి రావాలి, కానీ కీలు విరుచుకునేంత కాదు. మోచెయ్యి దగ్గర మెత్త ఉన్న షూటింగ్ జాకెట్ తప్పకుండా తీసుకోండి.

తర్వాత గురి పెట్టి, కళ్లు మూసుకుని, రెండు శ్వాసలు తీసి వదిలి, కళ్లు తెరవండి. పోస్ట్ పక్క టార్గెట్‌కి పోయి ఉంటే చేతులతో దాన్ని లాక్కురాకండి. ఎడమ మోచెయ్యి కదపకుండా నడుము కింది శరీరాన్ని కొంచెం పక్కకి జరపండి. కళ్లు తెరిచిన ప్రతిసారీ పోస్ట్ తన చోటే ఉండాలి. ఇది కుదిరిన రోజు మీ స్కోరు మీకే కొత్తగా కనిపిస్తుంది.

కళ్ల సంగతి, నలభై దాటాక అందరిదీ ఇదే కథ. డాక్టర్ దగ్గర మీ దూరపు పవర్‌కి ప్లస్ అర కలిపి షూటింగ్‌కి విడిగా ఒక జోడు చేయించుకోండి, చాలామందికి ముందు సైటు స్పష్టమై, నల్ల కూడా పోకుండా ఉండేది ఆ అర దగ్గరే. బైఫోకల్ వద్దు, పడుకున్నప్పుడు కన్ను అద్దం పై మూలలోంచి చూస్తుంది. ఇంకా సరిపోకపోతే నేషనల్ మ్యాచ్ తరహా (పోటీల కోసం చేసిన) వెనక సైటు పెట్టించుకోవచ్చు, చిల్లు చిన్నది కాబట్టి దగ్గరా దూరమూ రెండూ కాస్త తేరుకుంటాయి. మీరు ఆడే మ్యాచ్‌లో దానికి అనుమతి ఉందో లేదో ముందు రూల్స్ చూడండి.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాను. గరాండ్ కొనొచ్చా?
— మిషిగన్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: సీఎంపీ దగ్గర కొనలేరు, వాళ్లు చట్టప్రకారం అమెరికా పౌరులకే, అదీ 18 నిండి, వాళ్ల అనుబంధ క్లబ్‌లో సభ్యులైనవాళ్లకే అమ్ముతారు. బయట కొనడం సంగతి ఇంకా జాగ్రత్త. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో స్నేహితుడిది తీసుకుని కొట్టడం కూడా ఇదే నిషేధం కిందికి రావచ్చు. వీసాతో ముడిపడిన విషయం కాబట్టి లాయర్‌ని అడగకుండా అడుగు వేయకండి. చూడాలని ఉంటే వేసవిలో ఒహాయోలోని క్యాంప్ పెర్రీకి వెళ్లండి, 1907 నుంచి నేషనల్ మ్యాచ్‌ల పేరు చెబితే గుర్తొచ్చే చోటు అది, ఎరీ సరస్సు ఒడ్డున. ఆ సరస్సు గాలికి పెద్ద పెద్ద షూటర్లు ఎలా ఆగి ఆగి కొడతారో చూస్తేనే చాలా నేర్చుకుంటారు.

ప్రశ్న: 600 దగ్గర నల్లలో నిలకడగా పడుతున్నాయి. ఇదే రైఫిల్‌తో 1000 గజాలకి వెళ్లొచ్చా?
— అలబామా నుంచి ఒక పాఠకుడు

జవాబు: వెళ్లండి! గరాండ్ సైటు మీద 1200 గజాల దాకా అంకెలున్నాయి, ఎత్తు చాలదన్న బాధ లేదు. 1000 దగ్గర నల్ల 44 అంగుళాలు, నాలుగు మినిట్ల చిల్లర, మామూలు గరాండ్‌కి అది తన హద్దు. ట్యూన్ చేసిన రెండు మినిట్ల రైఫిల్ అయితే ఆనందంగా ఉంటుంది. తూటా మార్చాలి. 168 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ 600 దాకా బంగారం, కానీ వెయ్యి దగ్గరికి వచ్చేసరికి వేగం ధ్వని వేగం దాకా పడిపోయి, ఆ తోక ఆకారం వల్ల ఊగిసలాట మొదలుపెడుతుంది. 175 అక్కడ మెరుగ్గా నిలబడుతుంది. పది మైళ్ల పక్కగాలికి తొమ్మిది, పది మినిట్లు, అంటే ఎనిమిది అడుగుల పైమాటే. రెండు మైళ్లు తప్పు చదివితే నల్ల అంచుకి పోతారు. మొదటి రోజు స్కోరు రాసుకోకండి, గాలి మాత్రమే రాసుకోండి.

ప్రశ్న: కొట్టిన ప్రతిసారీ రైఫిల్ మొత్తం విప్పి శుభ్రం చేస్తాను. ఈ మధ్య గుంపు పెద్దదవుతోంది. బ్యారెల్ పోయిందా?
— జార్జియా నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ శ్రద్ధే దెబ్బ తీస్తోంది అనుకుంటున్నాను. ట్రిగ్గర్ గార్డ్ మూసేటప్పుడు చెక్క స్టాక్‌ని ఇనుముకి గట్టిగా నొక్కుతుంది, ఆ బిగువు మీదే గురి ఆధారపడి ఉంటుంది. విప్పిన ప్రతిసారీ చెక్క కొంచెం అణుగుతుంది, బిగువు పోతుంది. గార్డ్ చివరి భాగం బలం పెట్టకుండానే మూసుకుపోతోందా చూడండి, అలాగైతే స్టాక్ వదులైంది. సీజన్‌కి ఒకసారి విప్పితే చాలు, వానలో తడిస్తే తప్ప.

బ్యారెల్ అనుమానం కూడా తీర్చుకోండి. ఆపరేటింగ్ రాడ్ వెనక్కి లాగితే బ్యారెల్ కుడి పక్కన అది తయారైన నెల, ఏడాది కనిపిస్తాయి. రిసీవర్ 1943ది, బ్యారెల్ 1950లది కావడం మామూలే, సైన్యం ఎన్నోసార్లు మార్చింది. గొంతు (ఛాంబర్ ముందున్న బ్యారెల్ భాగం) అరుగుదల కొలిచే గేజ్ పెట్టి చూపించండి, గేజ్ మీద ఐదు దాటితే దూరపు గురికి కొత్త బ్యారెల్ ఆలోచించాల్సిందే. శుభ్రం చేసేది మూతి వైపు నుంచే కదా, రిసీవర్ వెనక మూసి ఉంటుంది కాబట్టి వేరే దారి లేదు. శుభ్రం చేసే రాడ్‌కి గైడ్ పెట్టకుండా తోస్తుంటే మూతి అంచు అరిగి గుంపు పాడవుతుంది, మీది అదే కావచ్చు. రైఫిల్‌ని సైట్లు కిందికి వచ్చేలా బోర్లా పెట్టి తుడవండి, సాల్వెంట్ గ్యాస్ రంధ్రంలోకి, చెక్కలోకి దిగదు. బోల్ట్ జారే చోట, ఆపరేటింగ్ రాడ్ గాడిలో నూనె కాదు, గ్రీజు. పలచగా.